మూరెడు యాంటెనా

ఆ రోజుల్లో లోకంలో నాకు తెలియని సంగతంటూ ఏదీ ఉండేది కాదు. ఇప్పుడు పెద్ద వయసేమీ మీద పడలేదు గాని, తెలియనివి మాత్రం రోజుకొకటి బయటపడుతున్నాయి. అప్పుడు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పట్టా ఇంకా మడత నలగలేదు. ఏ విషయమైనా ఒకటి, రెండు, మూడు అని వేళ్లు మడిచి చెబితే ఎదుటివాడు ఒప్పుకుని తీరతాడని నా నమ్మకం. (అన్నం పెట్టనా అని మా అవ్వ అడిగినా, "ఒకటి, ఇప్పుడు ఆకలి లేదు, రెండు, పొద్దుటి పప్పే అయితే అసలు వద్దు" అని జవాబిచ్చేవాణ్ని. "మూడు, నీల్లు తాగి పండు" అనేది అవ్వ.) ఇటువంటి వాణ్ని హనుమకొండలోని ఒక చిన్న కంపెనీ పనిలోకి తీసుకుంది. పోలీసు బండ్లకు కొత్త వైర్‌లెస్ సెట్లు పెట్టే పని వాళ్లది. ఆ సెట్లకు ఏ యాంటెనా సరిపోతుందో ఎంచి, బండి మీద ఎక్కడ నిలబెట్టాలో తేల్చి, బిగించి రావడం నా వంతు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాలూ నావే. కొన్నాళ్లు చూసి, ఉంచుకునేదీ పంపేసేదీ తర్వాత చెబుతామన్నారు. "బ్యాంకు పరీక్షలు రాసుకోరాదు, గీ తీగలు సుట్టుడేంది" అని నాయిన అప్పటికే సణుగుతున్నాడు. ఈ పని పోతే ఆయన ముందు తలెత్తుకునే వీలుండదు.

నిజానికి యాంటెనా సంగతి చాలా సులువు, ఎవరూ వినరు గాని. మా సెట్లకు మూరెడు కడ్డీ చాలు. అంతకంటే పొడుగైతే మాట ఎక్కువ దూరం పోతుందనుకోవడం, చెప్పులు పెద్దవైతే నడక వేగం పెరుగుతుందనుకోవడం వంటిది. ఆ మూరెడు కడ్డీ బండి పైకప్పుకు నట్టనడుమ నిలబడితే, చుట్టూ ఉన్న రేకు దానికి అండగా ఉండి మాటను నాలుగు దిక్కులకూ సమంగా పంపుతుంది. అయితే పైకప్పుకు రంధ్రం పెట్టాలి. తగాదా అక్కడే మొదలయ్యేది. దేవరుప్పుల దగ్గర ఒక డ్రైవరు నా చేతిలో డ్రిల్లు చూడగానే బండికి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. "వానొచ్చి సారు నెత్తి మీద కారితే ఎవలు జవాబు చెప్పాలె?" అన్నాడు. రబ్బరు వాషరు వేస్తామన్నాను. "వాషరు జవాబు చెప్తదా?" అన్నాడు. బయ్యారం వైపు ఇంకొకాయన రంధ్రానికి ఒప్పుకున్నాడు గాని, అమావాస్య వెళ్లాకనే అన్నాడు. నర్సింహులపేటలో బిగించి కిందికి దిగి సామాను సర్దుకునేలోపే కొత్త యాంటెనాకు నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి. (వాటివల్ల మాటకు నష్టం లేదని మీటరు పెట్టి చూసుకున్నాకే అక్కణ్నుంచి కదిలాను.) అందరితోనూ వాదించాను. ఎక్కడా నడుమ నుంచి బెత్తెడు కూడా పక్కకు జరగలేదు.

అసలు కథ జరిగిన స్టేషన్ పేరు మాత్రం చెప్పను. జనగామ వాళ్లు మహబూబాబాద్ అనుకోవచ్చు, మహబూబాబాద్ వాళ్లు భూపాలపల్లి అనుకోవచ్చు, భూపాలపల్లి వాళ్లు తమకు తోచిన ఊరు అనుకోవచ్చు. అక్కడి సీఐ సారు జీపుకు వెనక బంపరు మీద నిలువున్నర పొడవున్న పాత కడ్డీ ఒకటి ఉండేది. ఏనాటిదో వేరే రకం సెట్టు కోసం పెట్టింది. సెట్టు పోయింది, కడ్డీ మిగిలింది. కొత్త సెట్టును కూడా దానికే తగిలించి వాడుతున్నారు. దాంతో అడవి అంచున గుట్ట మలుపు దాటితే జీపులోంచి మాట్లాడింది స్టేషన్లో గురగుర తప్ప మరోలా వినపడేది కాదు. ఆ మలుపులో తరచు లారీలు బోల్తా పడుతుంటాయి. అక్కణ్నుంచి మాట రాకపోతే అంబులెన్సూ రాదు. నేను పాతది పీకేసి, పైకప్పు నడుమ మూరెడు యాంటెనా బిగించి, సారు డ్రైవరన్నను వెంటబెట్టుకుని ఆ మలుపు అవతలికి పోయి మాట్లాడాను. స్టేషన్లో సెట్టు దగ్గర కూర్చునే కానిస్టేబుల్ అక్క, "గంట కొట్టినట్టు ఇనవడ్తాంది తమ్మీ" అంది. ఈల వేసుకుంటూ మోటారు సైకిలెక్కాను.

మూడోనాడు రైటర్ సాబ్ ఫోను. ఆయన స్టేషన్లో రాతకోతలు చూసే హెడ్ కానిస్టేబుల్. సీఐ కుర్చీలోకి ఎవరు వచ్చినా, ఎవరు పోయినా, రైటర్ సాబ్ మాత్రం గోడల్లాగా అక్కడే ఉన్న మనిషి.

"తమ్మీ, నీ ఏంటెన పనిచేస్తలేదు. పాతదే పెట్టు."

ఎండలో పడి వెళ్లాను. సెట్టు నిక్షేపంగా ఉంది.

"చేస్తోంది కదా సాబ్!"

"గిప్పుడు చేస్తది. పొద్దుగాల చెయ్యలే."

మర్నాడు డ్రైవరన్న ఫోను. "జీపు బోడిగైంది తమ్మీ. సారుకు ఇజ్జత్ లేదు. వ్యవసాయం ఆఫీసు బండి అనుకొని ఎవలు పక్కకు జరుగుతలేరు."

"పైన దీపాలున్నాయి కదన్నా?"

"దీపాలు పెండ్లి బండికి గూడ ఉంటయి."

మళ్లీ వెళ్లాను. జీపు స్టేషన్ ముందు పోర్టికో కింద ఆగి ఉంది. లోపం ఎక్కడుందో దొరక్క తల పైకెత్తాను. పోర్టికో స్లాబు అడుగున నెలవంకల్లాగా గీతలు, ఒకదాని పక్కన ఒకటి, ముచ్చటగా ఉన్నాయి. మేస్త్రీ ఎవరో గాని పనితనం ఉన్నవాడు అన్నాను. పక్కనే ఉన్న అక్క నోటికి కొంగు లేక అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మేస్త్రీ గాదు తమ్మీ. నువ్వు పీకేసిన కడ్డీ."

అప్పుడు తెలిసింది. సీఐ సారుకు హారన్ అంటే పడదు. ఎప్పుడు వెళతారో, ఎప్పుడు వస్తారో ఎవరికీ చెప్పరు. కాని జీపు పోర్టికోలోకి వచ్చిన ప్రతిసారీ ఆ నిలువున్నర కడ్డీ స్లాబును కొట్టుకుని 'ఠంగ్' మని మోగి, ఆ తర్వాత కాసేపు వణికేది. (ఠంగ్ బాగా రావడానికి డ్రైవరన్న చివర్లో కొంచెం వేగం పెంచేవాడట.) సారు జీపు దిగి మెట్లెక్కేలోపు లోపల క్యారమ్ బోర్డు బీరువా వెనక్కి పోయేది, బెల్టులు నడుములకు వచ్చేవి, కునుకులు ఎగిరిపోయేవి. నా మూరెడు యాంటెనా వచ్చాక జీపు పిల్లిలా రావడం మొదలుపెట్టింది. మొదటి రోజే సారు లోపలికి వచ్చేసరికి రైటర్ సాబ్ మడమల పగుళ్లకని గోరువెచ్చని నీళ్ల బకెట్లో రెండు కాళ్లూ పెట్టుకుని ఉన్నాడు. సెల్యూట్ చెయ్యడానికి లేచి, బకెట్లోనే నిలబడి కొట్టాడట. మర్నాటి నుంచి అందరికీ పొద్దున్నే పరేడ్.

విషయం బయటపడ్డాక రైటర్ సాబ్ కూడా ముసుగు తీసేశాడు. "సూడు పిల్లగా, మా మోకాళ్లు పోతున్నయి. రెండూ పెట్టు. పొట్టిది మాటకు, పొడుగుది మాకు."

"పెట్టను సాబ్. ఒకటి, అంత పొడుగు లోహం వెనక నిలబడితే కొత్తదాని మాట ఒక దిక్కుకు తగ్గుతుంది. రెండు, తగ్గే దిక్కు గుట్ట మలుపే అయితే, లారీ కింద పడినవాడికి మీ మోకాళ్ల సంగతి ఎవరు చెబుతారు? మూడు..."

"మూడు నేను చెప్త. నీ పని మంచిగలేదని సారుకు చెప్త."

చెప్పాడు కూడా. సాయంత్రానికి మా కంపెనీ పెద్దాయన ఫోను. "అరేయ్, పెట్టమన్నది పెట్టెయ్‌రా. కడ్డీ మనదా, జీపు మనదా? నీదేం పోతది?"

"నేను పెట్టనన్నా. కావాలంటే వేరే వాణ్ని పంపండి."

"పంపుత. నిన్ను ఇంటికి పంపుత. రేపు సారే పరీక్ష చేస్తడట. మాట రాకపోతే నువ్వు గట్నుంచి గటే పో."

మర్నాడు సీఐ సారు ముందు సీట్లో, నేను వెనక సీట్లో. గుట్ట మలుపు దాటించి చెట్టు కింద జీపు ఆపించారు. మైకు తీసుకుని స్టేషన్‌ను పిలిచారు. జవాబు లేదు. మళ్లీ పిలిచారు. సెట్టు నోరు మెదపలేదు. డ్రైవరన్న కిటికీలోంచి అడవిని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. ఆయన చెవి వెనక భాగం నవ్వుతోందని నాకు అనిపించింది. అక్కను సెట్టు దగ్గర నుంచి లేపి రైటర్ సాబ్ కూర్చున్నాడని, విని కూడా పలకడం లేదని అర్థమైంది. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఏమయ్య, గంట కొట్టినట్టు ఇనవడ్తదంటివి?" అన్నారు సారు.

పోర్టికో సంగతి చెబితే నేను బతికిపోతాను. కాని అప్పుడు స్టేషన్ మొత్తం పరేడ్ గ్రౌండులోనే ముసలిదవుతుంది. అలాగని మౌనంగా ఓడిపోవడానికి నా ఒళ్లు ఒప్పుకోలేదు.

"సార్, మూడోసారి పిలవకండి. ఊరికే ఒక మాట చెప్పండి. వెంటనే స్టేషనుకు బయల్దేరుతున్నానని చెప్పండి."

"జవాబే రాంది, చెప్తే ఏం లాభం?"

"జవాబు అక్కడికి పోయాక చూద్దాం సార్."

సారు నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, మైకు నొక్కి ఆ మాట చెప్పారు. సెట్టు మళ్లీ మౌనం. డ్రైవరన్న చెవి మాత్రం నవ్వడం మానేసింది.

జీపు చప్పుడు లేకుండా పోర్టికోలో ఆగింది. మెట్ల మీద స్టేషన్ స్టేషనంతా రెండు వరసల్లో నిలబడి ఉంది. బెల్టులు తళతళ. టోపీలు సూటిగా. గుమ్మంలో నీళ్లు చల్లిన తడి ఇంకా ఆరలేదు. అందరికంటే ముందు రైటర్ సాబ్, బూట్లతో సహా, స్తంభంలా సెల్యూట్. సారు వరసను ఈ చివర నుంచి ఆ చివరకు చూశారు.

"మాట ఇనవడలేదా?"

"లేదు సార్. ఉత్త గురగుర సార్."

"గురగురకే గింత తయారైండ్రా?"

రైటర్ సాబ్ సెల్యూట్ చెయ్యి ఇంకా దించలేదు. అక్క మాత్రం పైకి స్లాబు వైపు చూస్తూ పెదవి కొరుక్కుంటోంది. సారు మెట్లెక్కుతూ వెనక్కి తిరగకుండా, "ఏంటెన మంచిగున్నది. గట్లనే ఉండనియ్యి" అన్నారు. మీసం కింద ఏమైనా ఉందో లేదో నాకు కనిపించలేదు.

నేను సామాను మోటారు సైకిలుకు కట్టుకుంటుంటే రైటర్ సాబ్ వచ్చి నిలబడ్డాడు. కోపంగా ఉన్నాడో అలసిపోయాడో తెలియలేదు. నేను మాత్రం ఇంకా వేడి మీదే ఉన్నాను. "ఒకటి, మీ పేరు చెప్పలేదు. రెండు, పోర్టికో సంగతీ చెప్పలేదు. మూడు, పాతది పోర్టికో కిందికి వచ్చాక గాని మోగేది కాదు. కొత్తది గుట్ట అవతలి నుంచే వినపడుతుంది. మీకు ఏది మేలో మీరే ఆలోచించుకోండి" అన్నాను.

రైటర్ సాబ్ కాసేపు నా మొహమూ, కాసేపు జీపు పైకప్పూ చూశాడు. తర్వాత మెల్లగా డ్రైవరన్న వైపు తిరిగాడు. డ్రైవరన్న అప్పటికే మైకును కొత్త కళ్లతో చూస్తున్నాడు.

ఆ మరుసటి వారం నుంచి జీపు ఎక్కడెక్కడికి పోతోందో, ఎక్కణ్నుంచి వెనక్కి తిరిగిందో డ్రైవరన్న పద్ధతి ప్రకారం సెట్టులో చెప్పడం మొదలుపెట్టాడట. ఇంత క్రమశిక్షణ గల డ్రైవరును చూడలేదని సారు అందరి ముందూ మెచ్చుకున్నారట. ఇదంతా అక్క ఫోను చేసి చెబితే తెలిసింది. ఇదంతా అక్క ఫోను చేసి చెబితే తెలిసింది.

కాని ఆ రోజు స్టేషన్ ముందు ఇంకొక సంగతి జరిగింది. రైటర్ సాబ్ లోపలికి కేకవేసి చాయ్ తెప్పించి, తన చేత్తోనే నాకు అందించాడు. "జర తాగు తమ్మీ. మొండోనివి గాని, దిమాక్ ఉన్నది" అన్నాడు. నేను గెలిచినవాణ్ని. గెలిచినవాడు ఓడినవాడి చాయ్ తాగకూడదని ఏ పుస్తకంలో చదివానో గాని, "నాకు టైము లేదు సాబ్" అని బండి స్టార్ట్ చేశాను. ఆ మిట్టమధ్యాహ్నం ఎండలో నాలుక పిడచకట్టుకుపోతుంటే, దారి పొడుగునా నాదే న్యాయమని పత్తి చేలకు చెప్పుకుంటూ పోయాను. ఇప్పుడైనా ఎవరు చెప్పినా ఆ యాంటెనాను పైకప్పు నడుమ నుంచి కదిలించను. అందులో మార్పేమీ లేదు. చాయ్ వద్దని బండెక్కిన ఆ పిల్లవాడు గుర్తొచ్చినప్పుడు మాత్రం, వెనక నుంచి భుజం పట్టుకుని ఆపి, నీ న్యాయం ఎక్కడికీ పోదురా, ముందు ఆ చాయ్ తాగు, చల్లారుతోంది అని చెప్పాలనిపిస్తుంది.