మీదికి అంటే కాలువ

2018 యాసంగి పంట మొదట్లో నన్ను రుద్రూర్ దగ్గరి ఒక ఊరికి పంపారు. చూపులేనివారికి చేతికర్రతో ఒంటరిగా తిరగడం నేర్పడం నా ఉద్యోగం. కాగితాల మీద దాని పేరు మొబిలిటీ ఇన్‌స్ట్రక్టర్. నా బడి చదువు ఇంటర్‌తో ఆగింది. మిగతాదంతా నిజామాబాద్ గ్రంథాలయంలో కూర్చుని సంపాదించుకున్నదే. కన్ను వీధినంతా ఒక్కసారే చూస్తుందనీ, వేలు మాత్రం ముక్కముక్కగా తడిమి, ఆ ముక్కలను మనసులో కలిపి కుట్టుకోవాలనీ అక్కడే చదివాను. ఆ కుట్టు నేర్పడానికే మేము తడిమే పటం తయారుచేస్తాం.

ఆ ఊళ్లో నేను నేర్పాల్సిన సాయవ్వ బీడీలు చుట్టేది. నీటికాసుల జబ్బుతో చూపు పోయినా ఆమె వేళ్లు ఆగలేదు. అయితే కట్టలు వేరేవాళ్లు తీసుకుపోతే కార్ఖానాలో బాగలేవని చాలా తీసిపారేస్తున్నారు. తానే పోయి ఎదురుగా నిలబడాలని ఆమె పట్టు. కొడుకు రాజన్నకు భయం.

“కాలువల నీళ్లు ఇడిసిండ్రు సార్. పడితె ఎవలు జవాబు?” అన్నాడు. శిక్షణ చివర ఇంటి నుంచి కార్ఖానా దాకా ఒంటరిగా నడిచే పరీక్ష ఉంటుంది. ఆనాడు దారి తప్పితే తల్లి ఇక గడప దాటొద్దని షరతు పెట్టాడు. ఆమె ఒప్పుకుంది.

చెక్కపలక మీద పురికొసతో వీధులు, గరుకు కాగితంతో కాలువ, గుండీతో కార్ఖానా అతికించాను. బీడీల చాట ఉండే ఒడిలోనే ఆమె పలక పెట్టుకునేది. వీధులు చీలే చోట ఉన్న హనుమంతుడి అరుగు నుంచి మొదలుపెట్టి, “హనుమాండ్ల గద్దె కాడికెల్లి మీదికి” అంటూ ఆమె వేలిని పలక అవతలి అంచున ఉన్న కార్ఖానా గుండీకి జరిపించేవాణ్ని. కాలువ కుడి అంచున ఉండేది. వారం తిరగకముందే పటమంతా ఆమె వేళ్లకు వచ్చేసింది.

పరీక్షనాడు ఇన్‌స్ట్రక్టర్ వెనకే నడవాలి, మాట్లాడకూడదు. ప్రాణం మీదికి వస్తే తప్ప నోరు విప్పకూడదు. గద్దె దాకా సాయవ్వ తడబడలేదు. అక్కడ కర్ర తట్టి, “ఈడికెల్లి మీదికి” అని తనలో అనుకుని కుడికి తిరిగింది.

“సార్, గటు కాలువ!” అని నా చెవిలో అంటూ, నా పక్కనే నడుస్తున్న రాజన్న ఉరకబోయాడు. అతని మోచేయి గట్టిగా పట్టుకున్నాను. నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. కట్ట అంచు చేరేలోగా అరవాలి, కానీ ఎక్కడ? ఇంకొక్క అడుగు చూద్దామనుకుంటూనే దగ్గరికి జరిగాను.

నేల ఎత్తవుతుండగా ఆమె ఆగింది. కూర్చుని అరచేత్తో కంకర తడిమింది.

“కట్ట ఎక్కుతున్న గద! సారూ, ఎనుకనే ఉన్నవని ఎరుకే. మీదికి అంటె కాలువే నాయె. నీ పలకకు మీదు యాడుంది?”

అప్పుడు అర్థమైంది. కాలువ కింది ఊళ్లలో నీళ్లు వచ్చే దిక్కే, అంటే కాలువ వైపే మీద, పారే దిక్కు కింద. నేను పలక అవతలి అంచును మీద అన్నాను.

ఆమె ఎడమ అరచేతిని పలక చేసుకుని, కుడిచేతి వేలితో దారులు గీసుకుంది. లేచి, గద్దె దాకా వెనక్కి వచ్చి, సరైన వీధి పట్టింది.

కార్ఖానా ముందు రాజన్న, “తప్పింది గదా అవ్వా” అన్నాడు.

“తప్పింది నేనే, దొరకవట్టింది నేనే. కండ్లుండి నువ్వు బోధన్ల తొవ్వ తప్పలేదారా?”

అతను నవ్వలేదు. కానీ షరతు మాట మళ్లీ ఎత్తలేదు.

తప్పిన దారిని తానే గుర్తించి సరిచేసుకున్నవారు పరీక్షలో నెగ్గినట్టే అని మా నియమం. రిపోర్టులో అదే రాశాను. ఆ తర్వాత ఏ ఊరి పటం చేసినా మీద, కింద అనే మాటలు వాడలేదు. ఒడిలోని పలకకు దగ్గరి అంచును పొట్ట వైపు, దూరపు అంచును వేళ్ల వైపు అని నేర్పాను. పటం సరిగ్గా ఉన్నంత మాత్రాన చాలదు. దాన్ని చెప్పే మాట ఆ ఊళ్లో ఏ దిక్కు చూపిస్తుందో ముందుగా అడగాలి.