ఛాయాదేవి రేకుపెట్టె

ఛాయాదేవి జాకెట్టు ముక్కలన్నీ నొక్కేసిందని రామకృష్ణపురం క్వార్టర్స్‌లో వారం రోజులు చెప్పుకున్నారు. తెలుగు సంఘం ఎన్నికల పేరు చెప్పి ఇంటింటి నుంచీ తెప్పించుకుందట. మంచం కింద రేకుపెట్టెలో దాచిందట. మంచివి ఏరి కూతురికి కుట్టిస్తుందట. పొద్దున పాల బూత్ దగ్గర పుట్టిన మాట సాయంత్రానికి కూరగాయల బండి దాకా నడిచింది. పుట్టించింది లలితకుమారి.

లలితకుమారి ఎమ్మే చదివింది. భర్త శివరామకృష్ణ దేశ రాజధానిలో సెక్షన్ ఆఫీసరు. ఛాయాదేవి తొమ్మిదో తరగతిలో బడి మానేసింది. ఆమె భర్త బసవపున్నయ్య అదే ఆఫీసులో గుమాస్తా. అయినా నలుగురు ఆడవాళ్లు కూర్చున్నచోట ఛాయాదేవి నోరు విప్పితే తక్కిన మూడు నోళ్లూ మూతపడేవి. ఆమెది చిన్న గొంతు, వినాలంటే ముందుకు వంగాలి. అందరూ అలా వంగడం చూస్తే లలితకుమారికి కడుపులో కారం చల్లినట్టుండేది. తను మాట్లాడితే ఎవరూ వంగరు. అచ్ఛా, అచ్ఛా అంటూ గాజులు సర్దుకుంటారు.

ఆ ఏడు, అంటే తొంభై ఆరులో, లలితకుమారికి ఒకటే పట్టుదల: సంఘానికి కార్యదర్శి కావాలి. అప్పటికి రెండుసార్లు నిలబడి ఓడింది. కిందటిసారి గెలిచినాయన మినీబస్సు పెట్టి జనాన్ని అశోకా రోడ్‌కి తీసుకెళ్లి ఆంధ్రా భోజనం పెట్టించాడు. గెలిచాక, వేసవిలో నీళ్లు రావడం లేదని అర్జీ రాస్తే సంతకానికైనా దొరకలేదు. దాంతో సంఘం అధ్యక్షుడు శేషగిరిగారికి విసుగొచ్చి, ఈసారి ఎన్నిక జరిపించే పని ఛాయాదేవికి అప్పగించారు.

పోటీ చేసేవాళ్లకి ఆ కుర్చీ రాదని లలితకుమారికి తెలుసు. అయినా ఎవరో తన కింద నుంచే కుర్చీ లాగేసినట్టనిపించింది.

ఛాయాదేవి సంఘం హాల్లో నిలబడి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"మొన్న పెద్ద ఎన్నికల్లో గోడలెంత శుభ్రంగా ఉన్నాయో చూశాంగా. మైకులు కూడా టైముకి ఆగిపోయాయి. అంతంత వాళ్లే అణిగినప్పుడు మన రెండొందల ఇళ్లకేం? భోజనాలొద్దు, బస్సులొద్దు. నిలబడేవాళ్లు ఏమిచ్చినా పుచ్చుకోవద్దు."

"శ్రావణమాసం కదా వదినా!" అంది పక్కింటి సరోజ. "వాయనం వద్దంటే అమ్మవారికి కోపం రాదూ?"

అందరూ ముందుకు వంగారు. ఛాయాదేవి వేలికి చుట్టిన కొంగు విప్పింది.

"పసుపు, కుంకుమ, ఆకులు, శనగలు అమ్మవారివి. అవి ఉంచుకోండి. గుడ్డముక్క ఓటడిగేవాళ్లది. అది నాకు తెచ్చివ్వండి. పుచ్చుకున్నదెవరో, ఇచ్చిందెవరో చీటీ గుచ్చి పెట్టెలో పడేస్తా. ఓట్లు లెక్కపెట్టాక ఎవరిచ్చినవి వాళ్లింటికే చేరుస్తా. ఎవరి పేరూ బయటికి రానివ్వను."

లలితకుమారి నవ్వుకుంది. బొట్టు పెట్టించుకుని వాయనం అందుకున్న ఆడది ఇచ్చినామె మాట దాటదని ఆమె నమ్మకం. ఆ శుక్రవారం వరలక్ష్మీ వ్రతానికి సరోజినీ నగర్ మార్కెట్టు నుంచి నలభై ముక్కలు తెప్పించింది, ఒకటి తప్ప అన్నీ నూలువే. వచ్చిన ప్రతి ముత్తయిదువకీ బొట్టు పెడుతూ, "పై ఆదివారం మర్చిపోకండేం" అంది. ఆ ఒక్క మామిడిపండు రంగు పట్టుముక్కా ఛాయాదేవి చేతిలో పెట్టింది. ఛాయాదేవి తల దించుకుని, "వస్తానండీ" అని మాత్రం అని వెళ్లిపోయింది.

"పడిందిలే!" అనుకుంది లలితకుమారి.

శుక్రవారం ఇంట్లోది బయటికివ్వకూడదు కనుక ఆ రోజు ఎవరూ కదల్లేదు. శనివారం పొద్దున బాల్కనీలో బట్టలారేస్తుంటే కనబడింది: సరోజ, వెనకాలే ఉమ, ఆ వెనక ఇంకెవరో, కొంగు కింద మడత దాచుకుని ఛాయాదేవి వాకిట్లోకి. తనింట్లో నవ్వుతూ తీసుకున్నవాళ్లే! తను ఏరి ఏరి కొన్న ముక్కలు కూడా ఆవిడ గుమ్మమే వెతుక్కుంటూ పోతున్నాయి. లలితకుమారి చేతిలో తడిచొక్కా అలాగే పిండుతూ ఉండిపోయింది.

"ఆంటీ తో సహీ కర్ రహీ హై, మమ్మీ," అంది కూతురు శరణ్య.

"నోర్ముయ్. నువ్వూ ఆవిడ పార్టీయేనా?"

మర్నాడు పొద్దున్నే ఆమె పాల బూత్ దగ్గర నోరు జారింది. జారిందని పైకి అనుకుంది గానీ, కావాలనే.

ఎన్నిక రోజు హాలు నిండింది. ఎదుటి అభ్యర్థి మైథిలి ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. ఏ ఇంటికి ఏ వేళ నీళ్లొస్తాయో అడిగి రాసుకుని తిరిగింది. ఓటింగు మొదలయ్యేలోపు లలితకుమారి లేచింది.

"ముందు ఆ పెట్టె తెరవండి. అందులో సరుకు ఉందో, సగం దర్జీ దగ్గరికి పోయిందో అందరం చూద్దాం."

ఛాయాదేవి ఆమె దగ్గరికి వచ్చి గొంతు ఇంకా తగ్గించింది. "వద్దండీ లలితగారూ. లెక్కయ్యాక నేనే మీ ఇంటికి..."

"చూశారా! తెరవనంటోంది!"

"ఠీక్ హై, తెప్పించమ్మా," అన్నారు శేషగిరిగారు.

బసవపున్నయ్య పెట్టె మోసుకొచ్చాడు. శేషగిరిగారు కళ్లజోడు సవరించుకుని పైనుంచి ఒక్కొక్క చీటీ చదివారు. "ఉమ. ఇచ్చింది లలితకుమారి." "సరోజ. ఇచ్చింది లలితకుమారి." "అన్నపూర్ణేశ్వరి. ఇచ్చింది..." మళ్లీ అదే పేరు కనబడి ఆయన ఆగారు. ఇంకో నాలుగు చూసి, చదవడం మానేసి, మూత వేశారు.

"పెట్టె ఛాయది, సరుకు లలితది!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది. ఛాయాదేవి నవ్వలేదు. ఆ నవ్వకపోవడమే లలితకుమారికి అన్నిటికన్నా మంటగా ఉంది.

ఇరవై మూడు ఓట్ల తేడాతో మైథిలి గెలిచింది.

అన్నమాట ప్రకారం ఛాయాదేవి ఆ సాయంత్రమే పెట్టె పంపించింది. లలితకుమారి దాన్ని మంచం మీద బోర్లించింది. ముప్పై తొమ్మిది నూలుముక్కలు జారాయి. అన్నిటికన్నా అడుగున ఉన్న ముక్క ఆఖరున జారి, వాటి మీద పడింది. మామిడిపండు రంగు పట్టుముక్క, మడత విప్పలేదు. చీటీలో గుండ్రటి అక్షరాలు: "ఛాయాదేవి. ఇచ్చింది లలితకుమారి. శుక్రవారం సాయంత్రం."

మిగతా చీటీలన్నీ శనివారానివి.