చెట్టిగారి కారు రేడియో

దయ్యాలంటే నాకు నవ్వులాటగా ఉండేది. వైరు కలిస్తే కరెంటు పారుతుంది, తెగితే ఆగుతుంది. నేను నమ్మిందల్లా అదే. మద్రాసు చింతాద్రిపేటలో కార్ల బ్యాటరీలు బాగుచేసి బతికినవాణ్ణి.

పందొమ్మిదివందల యాభైల్లో కారులో రేడియో అంటే పెద్ద హోదా. లోపల గాజు వాల్వులుండేవి. అవి వేడెక్కితేనే పాట వచ్చేది. బ్యాటరీని తెగ తాగేసేవి. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ మళ్లీ నిండుతుంటుంది, అప్పుడే పెట్టండని అందరికీ మొత్తుకునేవాణ్ణి. ఎవరు వింటారు!

చెట్టిగారని బట్టల వ్యాపారి ఒకాయన ఉండేవారు. ఆయన కూతురు పంకజం జబ్బు పిల్ల. షెడ్డులో నిలిపిన కారులో కూర్చుని పాటలు వినడమొక్కటే ఆ పిల్లకు సరదా. డ్రైవరు రాజరత్నం కాదనలేక పెట్టేవాడు. ఒకనాడు వింటూండగానే ఆయాసం ముంచుకొచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్దామంటే కారు కదల్లేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. రిక్షా వచ్చేలోపే పిల్ల పోయింది.

మైల తీరాక చెట్టిగారు రేడియో పీకేయమన్నారు. తీసి నా కొట్టు అలమరలో పెట్టాను. మర్నాటి నుంచి రోజూ పొద్దున కారు బ్యాటరీ ఖాళీ. కారులో దాన్ని తాగేది ఏదీ లేదు.

"వీడే ఏందో చేస్తుండాడు. ఇంకోతూరి ఇట్టయితే పనిలోంచి తీసేస్తా," అన్నారు చెట్టిగారు.

రాజరత్నం నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. "ఏసయ్య సాక్షిగా నేనేం చేయలేదన్నా. వ్యాసర్పాడిలో బిడ్డలుండారు, ఆడ వాళ్లకు నేను తప్ప దిక్కులేదు."

వాడి కోసమే ఆ బ్యాటరీ విప్పి నా కొట్టుకు తెచ్చాను. నిండా చార్జి చేసి, ఏ వైరూ తగలకుండా చెక్క మీద పెట్టి, తాళం వేసుకెళ్లాను. పొద్దున చెట్టిగారి ఎదుటే తలుపు తీశాను. మీటరు పెడితే ముల్లు సున్నా మీంచి కదల్లేదు.

ఎందుకో అలమర తెరిచాను. రేడియో వాల్వు తగిలి వేలు చురుక్కుమంది. దానికీ ఏ వైరూ లేదు. చెట్టిగారు కూడా చెయ్యి పెట్టి చూశారు. కాలుతున్నా చాలాసేపు తీయలేదు.

"దీన్ని మళ్లీ కారులో బిగించు. రాజరత్నం ఈడనే ఉంటాడు," అన్నారు.

బిగించాక ఆ బ్యాటరీ మళ్లీ ఎప్పుడూ దిగలేదు. చెట్టిగారు రోజూ మధ్యాహ్నం షెడ్డులో, ఇంజను ఆపిన కారులో, పక్కన చోటు వదిలి కూర్చుని పాటలు వినేవారు. ఎన్ని గంటలు మోగినా సాయంత్రానికి కారు ఒక్క పట్టున స్టార్టయ్యేది. అదెలాగో నాకు ఈనాటికీ తెలియదు.

ఇంజను నడపండని ఆయనకు మాత్రం నేను మళ్లీ చెప్పలేదు.