వేపుడు మానేసినా రక్తనాళం ఎందుకు పూడుతోంది?

గుండెకు స్టెంట్ వేయించుకున్న రెండేళ్లకు మరో రక్తనాళం పూడుకుపోతోందని పరీక్షలో తేలింది. దొంగచాటుగా మిర్చి బజ్జీలు తింటున్నానని మా కోడలు సుజాత తీర్మానించేసింది. నేను తినలేదు. ఆ మాట డాక్టరు నోటనే అనిపించాలని మొన్న సోమవారం సుజాతను వెంటబెట్టుకుని అమీర్‌పేట నుంచి పంజాగుట్టలోని గుండె ఆసుపత్రికి బయలుదేరాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

ఉదయం ఎనిమిదిన్నరకు ఆటో అతను వంద అడిగాడు. ఇంత దగ్గరికి వందా అంటే, "చౌరస్తల మస్తు జామ్ ఉంటదమ్మా. జల్ది పోవాల్నంటే మెట్రో ఎక్కు" అన్నాడు. నిజం చెప్పినందుకు మెచ్చుకుని మెట్రో ఎక్కాం. ఒక్కటే స్టేషన్. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెట్ల జోలికి పోవద్దు, లిఫ్టు ఉంది. తొమ్మిదికల్లా ఆసుపత్రికి చేరినా డాక్టరమ్మ పిలిచేసరికి పదకొండు దాటింది.

ఆమె నా రిపోర్టు కన్నా ముందు వాచిన నా వేళ్ల కణుపులు చూసింది. కీళ్లవాతమని, వేరే ఆసుపత్రిలో సూది మందు ఇచ్చేవారని, అది గుండెకు భారమనుకుని ఆరు నెలల కింద నేనే మానేశానని చెప్పాను. సుజాత గిరుక్కున నా వైపు తిరిగింది. తనకూ ఆ సంగతి తెలియదు.

"గుండె గురించి అడగొస్తే వేళ్లెందుకు చూస్తున్నవు బిడ్డా?" అన్నాను.

డాక్టరమ్మ కాగితం మీద గొట్టం గీసింది. రక్తనాళం గోడలో చెత్త ఎత్తే కణాలుంటాయట, మాక్రోఫేజ్‌లని పేరు. కొవ్వును లోపలికి లాగే ద్వారాలు వాటి ఒంటి నిండా ఉంటాయి, వాటిని రిసెప్టర్లంటారు. కీళ్ల వాపులో రోగనిరోధక కణాలు వదిలే రసాయనాలు రక్తంలో కలిసి అక్కడిదాకా కబురు మోస్తాయి. కొన్ని కబుర్లకు ఆ ద్వారాలు పెరుగుతాయి, కొన్నింటికి తగ్గుతాయి. కొవ్వును బయటికి పంపే దారులు మూసుకుపోవడమూ ఉంది. లోపలికొచ్చేది ఎక్కువై బయటికి పోయేది తగ్గితే కణం కొవ్వుతో ఉబ్బి గోడలోనే కూలబడుతుంది. పూడిక అలా పేరుకుంటుంది. ఏ కబురుకు ఏ ద్వారం తెరుచుకుంటుందో అంతా తెలుసా అని అడిగాను. ఇంకా వెతుకుతున్నారట.

"అయితే బజ్జీల తప్పు లేనట్టే కదా?"

"వాపు వల్లే పూడిందని నేను చెప్పలేనమ్మా. కానీ వాపును అలాగే వదిలేస్తే గుండెకు ముప్పు పెరుగుతుంది."

సూది మళ్లీ ఎలా మొదలుపెట్టాలో కీళ్ల డాక్టరు చూడాలని చీటీ రాసిచ్చింది.

బయటికొచ్చాక సుజాత నెమ్మదిగానే అడిగింది. "బజ్జీలు తినలే, సరే అత్తమ్మా. మందు మానేసినవని నాకెందుకు చెప్పలే?"

వేలి నొప్పి వేలిదే, గుండె నొప్పి గుండెదే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఒంట్లో అవి ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటూనే ఉన్నాయి. ఇంట్లో నేనే నోరు విప్పలేదు. మీరు గుండె డాక్టరు దగ్గరికి వెళితే, వాడుతున్న మందులతో పాటు మానేసిన మందులేవో కూడా చెప్పండి.