సుగుణమ్మ టీచరు పేరు మీద నడిచిన నంబరు

2018 ఎండాకాలం. ఆళ్లగడ్డ బస్టాండు దగ్గరి నా సెల్ షాపులో ఊపిరి సలపనంత జనం. ఒక సెల్ కంపెనీ మూతపడుతోందని, దాని నంబర్లున్నవాళ్లు వేరే కంపెనీకి మారాలని మెసేజీలు వచ్చాయి. నంబరు అదే ఉంచుకుని కంపెనీ మారడాన్ని మేం పోర్టింగ్ అంటాం. టవర్లు ఆగేలోపు చేసుకోకపోతే ఆ నంబరు మీద ఆశ వదులుకోవాల్సిందే.

రెండు రోజులే గడువుందనగా మోటార్లకు వైండింగ్ చేసే మద్దిలేటి వచ్చాడు. దొర్నిపాడు వైపు ఏ ఊళ్లో చూసినా గోడల మీద నీలం రంగుతో రాసుండేది అతని నంబరే. మోటారు కాలితే రైతులు ఆ గోడ చూసి ఫోన్ చేస్తారు. అతని వేలిముద్ర పెట్టిస్తే మిషను ఒప్పుకోలేదు. నంబరు వేరే ఎవరి పేరు మీదో ఉంది.

"పదేండ్ల కిందట నువ్వే గదన్నా ఈ సిమ్ము ఇచ్చినావ్! ఇది పోతే నన్ను పిల్చేవాడెవడు? ఊరూరు తిరిగి గోడలన్నీ మళ్లా రాయాల్నా?" అన్నాడు.

ఎక్కడ తప్పు జరిగిందో నాకు తెలుసు.

ఆ పాత రోజులంటే నాకు ఇప్పటికీ ప్రాణం. రీఛార్జ్ కార్డు గీకి అంకెలు చదివించుకునే పెద్దవాళ్లు, ఒక్క పాట రింగ్‌టోనుగా ఎక్కించుకోవడానికి పూటంతా కూర్చునేవాళ్లు, కొత్త ఫోన్ మోగితే షాపులో ఉన్నవాళ్లందరి ముఖాల్లో నవ్వు. ఆ సంబరంలోనే పాడు పనీ చేశాం. యాక్టివేషన్లు, అంటే కొత్త సిమ్ములు పని చేయించడం, నెలకు ఇన్నని కంపెనీ మా మెడ మీద కూర్చునేది. కాగితాలు తేనివాళ్లకు సొరుగులో మిగిలిన ఎవరి జిరాక్సో, ఫొటోనో జతచేసి సిమ్ము ఇచ్చేసేవాళ్లం. అందరూ చేసేదే కదా అనుకున్నాను.

నంద్యాల డిస్ట్రిబ్యూటరు దగ్గర పాత ఫారం తీయిస్తే దాని మీద నా చేతిరాత, నా షాపు ముద్ర, ఎప్పుడో తన సిమ్ము కోసం సుగుణమ్మ టీచరు ఇచ్చిన ఫొటో. ఆమె మా ఊరి బడిలో చాలా ఏళ్లు పనిచేసి, రిటైరయ్యాక పాములపాడులో ఉంటున్నారు. మర్నాడు పొద్దున్నే మద్దిలేటిని బండెక్కించుకుని, వేలిముద్ర మిషనుతో వాళ్లింటికి వెళ్లాను. చేసిందంతా దాచకుండా చెప్పాను.

ఆమె మద్దిలేటిని చూసి నవ్వారు. "ఏందప్పా, నా పేరుతో మోటార్లు బాగుచేస్తాండావా?"

హమ్మయ్య అనుకున్నాను. అంతలో ఆమె నావైపు తిరిగారు.

"మా ఇంటాయన సారు కర్నూలు ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆయనకో సిమ్ము తీసిద్దామని నాలుగు అంగళ్లు తిరిగినా. ఒకరికి తొమ్మిదే ఇస్తారంట, నీ పేరు మీద తొమ్మిదీ ఉండాయి పోమ్మా అన్నారు. ఒకడైతే దొంగను చూసినట్ల చూసినాడు. అది నీ పనేనా?"

"నా పనే టీచరమ్మా." సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ఈయప్ప కడుపు కొడితే నాకేమొస్తాది? తే మిషను," అన్నారు. గీతలు అరిగిన వేలు. రెండుసార్లు పడలేదు, మూడోసారి పడింది. మద్దిలేటి రెండు చేతులూ జోడించాడు. అతని నంబరు దక్కింది.

"మరి తక్కినవి యాడుండాయి?" అని అడిగారామె.

కంపెనీల చుట్టూ తిరిగి, ఆమె పేరు మీద మిగిలిన దొంగ సిమ్ములన్నిటినీ రద్దు చేయించేసరికి ఏడాది పట్టింది. ఆ పని పూర్తయ్యాక, సారు కోసం ఆమె పేరు మీద ఇద్దామని కొత్త సిమ్ము పట్టుకుని మళ్లీ పాములపాడు వెళ్లాను. ఆమె దాన్ని చేతిలో తిప్పి చూశారు.

"సారు ఆస్పత్రిలోనే పోయినాడప్పా. నాతో మాట్లాడల్లని పక్క మంచాలోళ్లనంతా ఫోన్ అడుక్కుంటాండెనంట," అన్నారు. సిమ్ము పక్కన పెట్టి, "కాఫీ తాగి పో," అన్నారు.

అప్పటినుంచి నా షాపులో ఒకరి కాగితం ఇంకొకరి పనికి పోలేదు. దాన్ని గొప్పగా చెప్పుకోను. ఆ బుద్ధి ఆ సారు బతికుండగా రావాల్సింది.