రొట్టె ఎంచాక కదలకూడదు

మా ఆయన బిమెన్ ఒకప్పుడు బడిలో లెక్కల మాస్టారు. మా గుడి గురువు, పాత అబూనా, పోయాక ఊరి పెద్దలు బిషప్పు దగ్గరికెళ్ళి, "మాకు ఈ మాస్టారే గురువు కావాలి" అని పట్టుపట్టారు. భార్య ఒప్పుకుంటేనే గురువును చేస్తారు కాబట్టి నన్నూ అడిగారు. ఊఁ అనేదాకా అడుగుతూనే ఉన్నారు, వాళ్ళ పట్టుదల మండిపోను!

అప్పట్నుంచి క్రిస్మస్ ఉపవాసాలొస్తే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. నలభై రోజుల పైన పప్పూ చిక్కుళ్ళూ తిని, ఆ నీరసంతోనే తెల్లవార్లూ కీర్తనలు పాడాలి. పగలు ఇంటింటికీ తిరగాలి. అన్నదమ్ములు పొలం గట్టు కోసం కొట్టుకున్నా అబూనాయే, గేదె ఈనకపోయినా అబూనాయే. ఆ ఏడు మా అత్తగారు రిఫ్కా మంచం పట్టింది. ఈయన ఆమె పక్కన కూచుని నాలుగు ముక్కలు మాట్లాడిన పాపాన పోలేదు. వీలు చిక్కితేగా!

పండగ సాయంత్రానికి ఆమెకు ఆయాసం ఎక్కువైంది. డాక్టరు పెదవి విరిచి వెళ్ళిపోయాడు. ఆమెకున్నది ఒక్కడే కొడుకు. "పోయేటప్పుడు నా చెయ్యి నువ్వే పట్టుకోవాలిరా" అని ఎన్నోసార్లు అడిగింది. ఈయన మంచం పక్కన కూచున్నాడో లేదో, పాటల పెద్ద సిద్రాక్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అబూనా, గుడి నిండిపోయింది."

"పక్క ఊరి అబూనాకి కబురు పెట్టలేవూ?" అన్నాను కోపంగా.

"ఆయన గుడీ నిండిపోయింది తాసోనీ, నేనేం చెయ్యను!"

గురువు భార్యను మా దగ్గర తాసోనీ అంటారు, అక్కా అన్నట్టు. ఆ మర్యాదకేం తక్కువ లేదు. మా ఆయన తల్లి నుదుటి మీద ముద్దు పెట్టి, "తొందరగా ముగించి వచ్చేస్తానమ్మా" అని వెళ్ళాడు.

మా ఇంటికీ గుడికీ ఒకటే గోడ. కిటికీ తెరిస్తే పాట మంచం దాకా వినిపిస్తుంది. ఆరాధన మొదలైన కాసేపటికి అత్తగారి పెదాలు నల్లబడ్డాయి. "బిమెన్ ఏడీ?" అంది. పక్కింటావిడను కూచోబెట్టి పరుగెత్తాను. ఆడవాళ్ళు పీఠం ముందరి తెర దాటి లోపలికి వెళ్ళకూడదు కాబట్టి సిద్రాక్ చెవిలో చెప్పాను. ఆయన లోపలికి వెళ్ళి చెప్పాడు. మా ఆయన వెనక్కి తిరిగి తెర సందులోంచి నన్ను చూశాడు. అప్పటికే బుట్టలోంచి ఆ పూట అర్పించే రొట్టె ఎంచి పీఠం మీద పెట్టేశాడు. ఇక ఆఖరి ప్రార్థన దాకా ఇల్లు తగలబడుతున్నా అబూనా అక్కణ్ణించి కదలకూడదు. పగ్గం వేసి కట్టినా నయం, తెంచుకుని రావచ్చు.

చేతిలో ఉన్నది ఒక్కటే, తొందరపడటం. రాగాలు మింగేస్తూ గబగబా చదవడం మొదలుపెట్టాడు. నేను ఇంటికి తిరిగొచ్చేసరికి అత్తగారు కళ్ళు తెరిచి వింటోంది. ఆమె పాటలవాడి కూతురు. కొడుక్కి ఒళ్ళో కూచోబెట్టుకుని రాగాలు నేర్పింది ఆమే.

"ఎవడే వాడు, కుక్కలు తరిమినట్టు పాడుతున్నాడు?"

"నీ కొడుకే అత్తమ్మా. నీ కోసమే ఆ తొందర."

"నా కోసమైతే సరిగ్గా పాడమను. పండగ రాగం, ఆ పొడుగుది, మొత్తం పాడమను. వెళ్ళు."

"అది పాడితే ఎప్పటికి వస్తాడు? నీ చెయ్యి పట్టుకోవద్దూ?"

"వెళ్తావా, నన్ను లేవమంటావా?"

చచ్చేముందు కూడా అదే పెత్తనం! ఏడుస్తూ వెళ్ళాను. సిద్రాక్ చెప్పిన మాట విని మా ఆయన రెండు చేతులూ పీఠానికి ఆనించాడు. తర్వాత ఎత్తుకున్నాడు. ఒక్క మాటను పట్టుకుని సాగదీసి, మెలితిప్పి, కిందికి దించి మళ్ళీ పైకి లేపే రాగం అది.

నేనొచ్చేసరికి ఆమె వేలు దుప్పటి మీద తాళం వేస్తోంది. ఆ చెయ్యి నేను పట్టుకోలేదు, తాళం తప్పుతుందని. రాగం రెండోసారి కిందికి దిగుతుండగా వేలు ఆగిపోయింది. గోడ అవతల ఆయన పాడుతూనే ఉన్నాడు. నేను వెళ్ళి చెప్పలేదు.

ఆరాధన ముగిశాక చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చాడు. నా మొహం చూడగానే అర్థమైంది. మంచం మీద కూచుని చల్లబడ్డ చేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"మొత్తం విందా?" అన్నాడు.

నాకు అబద్ధం నోటిదాకా వచ్చింది, కానీ చెప్పలేకపోయాను. "రెండోసారి కిందికి దిగేదాకా విందండీ."

బయట జనం తలుపు తడుతున్నారు. "అబూనా! పండగ దీవెన ఇవ్వండి! పిల్లలు నిద్రకు ఆగటం లేదు!"

ఆయన అలవాటుగా లేవబోయాడు. "కూచోండి!" అని అరిచాను. వెళ్ళి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. "ఈ ఒక్క పూటకి చచ్చినా తియ్యను. కానివ్వండి."

బొంగురుపోయిన గొంతుతో, తల్లి చెయ్యి వదలకుండా, ఆమె వినడం ఆగిన చోటి నుంచి మిగతా రాగం ఎత్తుకున్నాడు.