సుద్దక్క బండెక్కిన రోజు

ఎముకల ఆసుపత్రిలో కట్లు కట్టే గది నడవా చివర ఉంటుంది. ఆ గదిని ఏలేది సుద్దక్క. ఆమె అసలు పేరు జీతాలు రాసే గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. మోచేతుల దాకా, ఒక్కోసారి కనుబొమల మీద కూడా కట్టు పట్టీల తెల్లటి సుద్ద అంటుకుని ఉండేది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ఆమె చెయ్యి మంచిదే, నోరే చెడ్డది. విరిగిన కాలు బల్ల మీదికి రాగానే, పట్టీ నీళ్లలో ముంచకముందే మాట మొదలయ్యేది.

“ఎంత వేగంగా పోయావు నాయనా? పడకపోతే ఓ పది నిమిషాల ముందు ఇల్లు చేరేవాడివి. ఇప్పుడు మూడు నెలలు ఇంట్లోనే కూర్చుంటావు. లాభసాటి బేరమే.”

మోటారుసైకిళ్లంటే ఆమెకు పరమ చులకన. స్టాండు తీస్తే తనంతట తాను నిలబడలేని వస్తువు, దాన్ని నమ్ముకుని ఊరేగే మనుషులు. నల్లకళ్లజోడు పెట్టుకుని గాలికి ఎదురెళ్లిన వీరులంతా చివరికి తన బల్ల మీద వెల్లకిలా పడుకుని అమ్మా, నాన్నా అనడం ఆమె రోజూ చూసేదే. భర్త పోయాక కూతుర్ని ఒంటిచేత్తో పెంచినన్నాళ్లూ బస్సులోనో కాలినడకనో తిరిగింది తప్ప ఒక్కసారి కూడా బండి ఎక్కలేదు. ఒకసారి జోరు వానలో పెద్ద డాక్టరు తన బండి మీద ఇంటి దగ్గర దింపుతానంటే, “మీరు క్షేమంగా వెళ్లండి డాక్టరుగారూ. రేపు మీరే నా బల్ల మీదుంటే ఎక్స్‌రేలు ఎవరు చూస్తారు” అని తడుస్తూ నడిచిపోయింది.

అలాంటి మనిషి కూతురు వెతికి వెతికి బండున్నవాణ్ణే ఇష్టపడింది.

ఆ పిల్ల బట్టలు కుట్టే కంపెనీలో పనిచేస్తుంది. ఒకరోజు అక్కడి లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోతే లోపల ఇరుక్కుంది. తలుపు తెరిచి చెయ్యి అందించినవాడు లిఫ్టుల మెకానిక్కు. ఆ చెయ్యి పట్టుకుని బయటికి వచ్చింది, బాగానే ఉంది. ఆ తర్వాత వదిలెయ్యాలని ఆమెకు తోచలేదు.

“పైకీ కిందికీ తప్ప ఎక్కడికీ పోని పెట్టెల్ని బాగుచేసేవాడు. వాడి బతుకు ఎక్కడికి పోతుందే?” అంది సుద్దక్క.

“పైకి పోతుందిగా అమ్మా.”

“కిందికి కూడా పోతుంది.”

తల్లి వద్దనలేదు, సరేననీ అనలేదు. వాడి ఊసెత్తినప్పుడల్లా పెదవి విరిచేది, అంతే. ఈలోగా వాళ్లిద్దరూ కాపురానికి రెండు గదుల ఇల్లు చూసుకున్నారు. ఊరి అవతల, గుట్ట మీద. నువ్వు చూసి ఊఁ అంటేనే ఖాయం చేస్తామని కూతురు పట్టుబట్టింది. సుద్దక్క ఒప్పుకుంది. ఆ ఇంటికి ఎన్ని వంకలు పెట్టొచ్చో ఇల్లు చూడకుండా తెలియదు కదా.

తీరా ఆ రోజు కూతురికి కంపెనీలో పని ఎక్కువైంది. సుద్దక్క చేతులు కడుక్కుని ఆసుపత్రి గేటు దాటేసరికి మెకానిక్కు ఒక్కడే బండి పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో రెండు హెల్మెట్లు, మొహంలో భయం.

“తను నేరుగా అక్కడికే వస్తానంది అత్తయ్యా.”

“ఎవరికి అత్తయ్యని? ఇంకా ఏమీ కాలేదు.”

“మరి ఏమని పిలవమంటారు?”

“పిలవకు. నేను బస్సులో వస్తాను.”

“గుట్ట దాకా బస్సు పోవట్లేదండి. పైపుల కోసం రోడ్డంతా తవ్వారు. వంతెన అవతలే దింపేస్తున్నారు.”

నిజమే. పొద్దున బస్సులో ఎవరో అనుకుంటుంటే ఆమె కూడా విన్నది. ఎండ మాడుస్తోంది. పొద్దున్నించి నిలబడి నిలబడి మోకాళ్లు పీకుతున్నాయి. సుద్దక్క బండి చుట్టూ ఒకసారి తిరిగింది, సంతలో ముసలి గొడ్డును చూసినట్టు. కుడివైపు హ్యాండిల్ కొస అరిగిపోయి ఉంది. కుడికాలు పెట్టుకునే కమ్మీ కొంచెం వంగింది. సైలెన్సరు మీద పొడుగాటి గీతలు.

“ఎప్పుడు పడ్డావు?”

“పడలేదండి. స్టాండు సరిగ్గా వెయ్యక ఒరిగింది.”

“నిలబడి ఉన్న బండి ఇంత దూరం గీసుకుంటూ పోయిందా? చాలా కష్టపడి ఒరిగిందే.”

వాడు నేల చూశాడు. సుద్దక్కకు ఉన్న చులకన రెట్టింపయింది. పడ్డవాళ్లను ఆమె తిడుతుందే గానీ అసహ్యించుకోదు. పడలేదని బొంకేవాళ్లంటేనే ఆమెకు ఒళ్లు మంట.

“ఒక పక్కకి కూర్చోండి, మీకు సుఖంగా ఉంటుంది,” అన్నాడు వాడు.

“ఒక పక్కకి కూర్చున్నవాళ్లే మా గదికి తొందరగా వస్తారు,” అని ఆసుపత్రి యూనిఫారం ప్యాంటుతో మగవాడిలా కాలు అటేసి కూర్చుంది. హెల్మెట్ పెట్టుకోగానే కుండలో తల దూర్చినట్టయింది. ఏం పట్టుకోవాలో తెలియలేదు. వాడి భుజం పట్టుకోవడం ఆమెకు చిన్నతనం. రెండు చేతులూ వెనక్కి పెట్టి సీటు వెనక ఉన్న కమ్మీని పట్టుకుంది.

బండి కదిలింది. కదిలిందని వాడు అనుకోవాలి గానీ, పక్కన సైకిలు మీద పాలక్యాను వేసుకుని పోతున్న ముసలాయన వాళ్లను దాటేసి, వెనక్కి తిరిగి జాలిగా చూశాడు.

“రోజూ ఇలాగే పోతావా?” అంది సుద్దక్క.

“రోజూ ఇంతేనండి.”

“మీ లిఫ్టు దీనికంటే నయం. నా ముందు నాటకాలెందుకు? నువ్వు పోయేట్టు పో.”

వాడు కొంచెం పోనిచ్చాడు. రోడ్డు కాళ్ల కిందే ఉరుకుతోంది. లారీ చక్రం చెవి పక్కన తిరుగుతోంది. బస్సులో ఇన్నేళ్లు తిరిగినా రోడ్డు ఇంత దగ్గరగా ఉంటుందని ఆమెకు తెలియదు. గతుకు రాగానే కమ్మీ వదిలేసి వాడి చొక్కా వీపు మీద పిడికిట్లో పట్టుకుంది. పట్టుకున్నందుకు తనను తాను తిట్టుకుంది, కానీ వదల్లేదు. మలుపులో బండి ఒక వైపు వాలితే ఆమె మొండిగా రెండో వైపు వాలింది. బండి తూలింది.

“నాతోపాటే ఒరగండి,” అన్నాడు వాడు వెనక్కి తిరక్కుండా.

“నేనెవరితోనూ ఒరగను. నువ్వే నిటారుగా నడుపు.”

వంతెన మీదికి వచ్చాక దారి ఖాళీ అయింది. కింద నీళ్ల మీంచి గాలి ఒక్కసారిగా వచ్చి ఒంటినంతా తాకింది. ఆసుపత్రి వాసన, చెమట, సుద్ద, అన్నీ ఎవరో దులిపేసినట్టు పోయాయి. సుద్దక్కకు హాయిగా అనిపించింది. ఇలా ఎంత దూరమైనా పోవచ్చనిపించింది. ఆ అనిపించడం మీదే ఆమెకు రోత పుట్టింది. సరిగ్గా ఇలాంటి గాలికే కదా ఈ వెధవలంతా ఎముకలు విరగ్గొట్టుకునేదని పళ్లు బిగించి కూర్చుంది.

గుట్ట మొదట్లో తవ్విన మట్టి, కంకర. వాడు బండి ఆపి, “ఎడమవైపు దిగండి,” అన్నాడు.

వాడు చెప్పాడు కాబట్టి ఆమె కుడివైపు దిగింది. ప్యాంటు మడమల పైకి లాక్కుపోయి ఉంది. పిక్క వెళ్లి వేడి సైలెన్సరుకు అతుక్కుంది. చురుక్కుమనే లోపే పని అయిపోయింది.

వాడు బండి స్టాండు వేసి పరిగెత్తుకొచ్చి, ఆమెను రోడ్డు పక్క రాయి మీద కూర్చోబెట్టి, తన సీసాలో నీళ్లు సన్నగా పిక్క మీద పొయ్యడం మొదలుపెట్టాడు. నీళ్లు అయిపోతే ఎదురింట్లోంచి బకెట్టు, చెంబు తెచ్చాడు.

“చాలులే,” అంది ఆమె.

“చాలదండి. ఇంకా చాలాసేపు పొయ్యాలి. పోయినసారి మాకు తెలియక టూత్‌పేస్టు రాసేశాం. బొబ్బ లేచి పెద్దదైపోయింది.”

సుద్దక్క కాలు వెనక్కి లాక్కుంది. “మాకు అంటే?”

వాడి చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది.

కొన్ని నెలల కింద కూతురు వారంపాటు కుంటింది. కంపెనీలో ఇస్త్రీపెట్టె తగిలిందని చెప్పింది. పిక్క లోపలివైపు, సరిగ్గా ఇక్కడే. ఇస్త్రీపెట్టెను పిక్క లోపలివైపుకి ఎవరు తీసుకెళ్తారని అప్పుడు ఆమెకు తట్టలేదు. పైగా ఆ కంపెనీ వాళ్లను ఆసుపత్రి అంతా వినేలా తిట్టింది. సూపర్‌వైజరుతో తేల్చుకుంటానని బయల్దేరితే కూతురు కాళ్లావేళ్లా పడి ఆపింది. ఇంతమంది కాళ్లు చూసిన తనకు సొంత కూతురి కాలు చూడటం చేతకాలేదు.

“నా పిల్లను ఎక్కించుకుపోయి పడేశావు,” అంది మెల్లగా. “పడేసి, స్టాండు మీదికి తోసేశావు. పడ్డవాడివి పడ్డానని చెప్పే ధైర్యం కూడా లేదు. నీలాంటివాళ్లకి కట్టు కట్టడమే దండగ.”

వాడు తల వంచుకుని, ఆమె కాలు మళ్లీ ముందుకు లాగి నీళ్లు పొయ్యసాగాడు.

కూతురు ఎండలో గుట్టెక్కి వచ్చేసరికి సుద్దక్క కుంటుకుంటూ గుట్టెక్కి, ఆ ఇంట్లో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, తడిగుడ్డ కాలి మీద వేసుకుని, గోడల నెమ్మును తిడుతోంది. వాడు మూల నిలబడి ఉన్నాడు. కూతురు తల్లి కాలు చూసింది, వాడి మొహం చూసింది.

“చెప్పావా?” అంది వాడితో.

“లేదు.”

“ఏం చెప్పాలి? తెలిసిందిలే. ఇతగాడు నిన్ను పడేశాడు,” అంది తల్లి.

“నేను పడేశానమ్మా. బండి నడిపింది నేను. నేర్చుకుంటున్నా. ఆయన వెనక కూర్చున్నాడు. బ్రేకు బదులు యాక్సిలరేటరు తిప్పాను. నాకు కాలు కాలింది, ఆయనకి మణికట్టు విరిగింది.”

సుద్దక్క వాడి వైపు తిరిగింది. “ఏ చెయ్యి?”

వాడు కుడిచెయ్యి చాపాడు. ఆమె దాన్ని తిప్పింది, నొక్కింది, మణికట్టు ఎముక వెంబడి బొటనవేలు పోనిచ్చింది. మొహం మాడిపోయింది.

“ఎవడు కట్టాడు ఇది?”

“వంతెన దగ్గర క్లినిక్కులో.”

“వంకరగా అతుక్కుంది. పిడికిలి గట్టిగా పట్టగలవా? పట్టలేవు. బరువెత్తితే నొప్పెడుతుందా? పెడుతుంది. గోడకి సున్నం కొట్టేవాడు కట్టుంటాడు.” కూతురి వైపు తిరిగింది. “నీ తల్లి కట్లు కట్టే మనిషి కదే. నువ్వు విరగ్గొట్టిన చెయ్యిని ఎవడో అనామకుడి దగ్గరికి తీసుకుపోతావా?”

“నీ దగ్గరికొస్తే చేతికి కట్టు పడేలోపు ఆయన చచ్చిపోయేవాడమ్మా. నీ మాటలకి.”

సుద్దక్క వాడి చెయ్యి వదిలేసింది. తన బల్ల మీద పళ్లు బిగించుకుని పైకప్పు చూస్తూ పడుకునేవాళ్లు నొప్పికే అలా చూస్తున్నారని ఇన్నాళ్లూ అనుకుంది.

లేచి, వంటగది కిటికీ మూసి తెరిచి చూసింది. “గడియ వదులు. పంపు కారుతోంది. నెమ్ము ఉంది. అద్దె తగ్గించమను,” అంది. ఖాయం చేసుకోమని దాని అర్థమని కూతురికి తెలుసు.

తిరుగు ప్రయాణంలో, కాలు కాలిన మనిషిని దింపడానికి బండే దిక్కయింది. “చెయ్యి సరిగ్గా లేనివాడి వెనక నేనెక్కను,” అంది సుద్దక్క. లైసెన్సు ఇప్పుడు తనకూ ఉందంది కూతురు. మెకానిక్కు తాళం ఇచ్చేసి నడుచుకుంటూ గుట్ట దిగాడు. కూతురు నడుపుతుంటే సుద్దక్క రెండు చేతులతో ఆ పిల్ల నడుము చుట్టి పట్టుకుంది. దారి పొడుగునా నోరు ఆగలేదు. ఆ గుంత కనబడలేదా, ఆ ఆటోవాడికి దారి ఎందుకిచ్చావు, హారను నీ మొగుడు కొడతాడా. వంతెన దగ్గర బస్సు ఆగి ఉంది.

“ఎక్కుతావా?” అని కూతురు బండి నెమ్మది చేసింది.

“అందులో ఊపిరాడదు. పోనియ్.”

ఎండలు తగ్గాక పెళ్లి అయింది. సుద్దక్క ప్రతి సెలవు రోజూ గుట్టెక్కి వెళ్లి అల్లుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి తడి స్పాంజి చేతికిస్తుంది. వాడు పిసకాలి, ఆమె చూడాలి. “గట్టిగా. పిల్లి కూడా నీకంటే గట్టిగా పట్టుకుంటుంది,” అంటుంది. నీళ్లు కారి నేలంతా తడుస్తుంది. కూతురు తుడుస్తూ ఉంటుంది.